ఒంటరి పాటలో రెండో ఊపిరి

పోయిన జనవరి రెండో శనివారం, ఉదయం పదింబావుకు, మా గురువుకు ఊదే ఊపిరి అయిపోయిందన్న సంగతి అందరి ముందూ నేనే బయటపెట్టాను.

అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో, మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. జపాను మనిషి, ఎనభై దాటాయి. షాకుహాచి నేర్పుతాడు. నిలువుగా పట్టుకుని అంచు మీద ఊదే వెదురు పిల్లనగ్రోవి అది. తాళం లేదు, పక్క వాద్యం లేదు. ఒక ఊపిరికి ఒక వరస. పాటలు పైనుంచి కిందికి జపాను అక్షరాల్లో ఉంటాయి. యాభై దాటాక అఆలు దిద్దినదాన్ని, వాటికి బెదరలేదు. కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊదీ ఊదీ వచ్చినదాన్ని కాబట్టి దమ్ముకూ కొదవ లేదు. నాతోపాటు ఒక రిటైరైన నర్సు, బ్యాంకులో చేసి మానేసిన ఒక పొడుగాయన నేర్చుకునేవాళ్లు. గురువు నోరు మంచిది కాదు. టైరులో గాలి పోతున్నట్టుందని నర్సును ఏడిపించేవాడు.

పాట ఒక్కరిదే అయినా, నేర్పేటప్పుడు ఒక్కొక్కరం వంతులవారీగా గురువుకు ఎదురుగా కూర్చుని ఆయనతో కలిసి ఊదాలి. ఎండాకాలంలో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. డాక్టరు వద్దన్నాడని మిగతా వేళల్లో వెదురును భార్య దాచేసేది. పాఠంలో ఎవరి వంతులో వాళ్లం, ముందు ఆ ఇద్దరూ, వాళ్లను చూసి నేనూ, గట్టిగా ఊది ఆయన శబ్దాన్ని కప్పేసేవాళ్లం. వినబడేదంతా తనదే అనుకున్నాడాయన. ఫిబ్రవరిలో లైబ్రరీ హాల్లో జనం ముందు ఒక్కడే వాయిస్తానని ఒప్పుకున్నాడు. భార్య కూడా వద్దనలేదు. ఆయన సంతోషం ఆయనది, అంది. నిండు సభలో నవ్వులపాలు కావడం ఏం సంతోషమో నాకు తెలియదు.

ఆ శనివారం ఎదురుగా కూర్చునే వంతు నాది. రెండో వరస మధ్యలో నా వెదురు దించి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన శబ్దం ఒక్కటే మిగిలింది. తడికట్టెలా చుస్సుమని తెగింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ తెగింది. మూడోసారి ఉత్త గాలి. నర్సు ఆదుకోబోతే చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మా, ఊదు ప్లీజ్. ఆయన హర్ట్ అవుతున్నారు," అంది మా అమ్మాయి. ఆయన ఇంగ్లీషు నాకు తెలుగులో చెప్పడానికి వచ్చి పక్కన కూర్చునేది.

"అవనీ. అక్కడ అయ్యే బదులు ఇక్కడే అవనీ."

గురువు తన భార్యను జపానులో ఏదో అడిగాడు. ఆమె తల దించుకుంది. నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

"ఎప్పట్నుంచి ఇలా అని," అంది అమ్మాయి.

"ఎండాకాలం నుంచీ అని చెప్పు."

"నేను చెప్పను."

"సమ్మర్," అన్నాను నేనే.

ఆయన వెదురు తుడిచి గుడ్డసంచిలో పెట్టి తాడు ముడేశాడు. నెమ్మదిగా ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడాడు.

"లైబ్రరీ ప్రోగ్రామ్ క్యాన్సిల్ చేయమంటున్నారు. నిన్ను ఇంక రావద్దంటున్నారు," అంది అమ్మాయి.

"మరి వీళ్లు?"

"వీళ్లు రావచ్చట."

లేచి చెప్పులేసుకున్నాను. ఎవరూ గుమ్మందాకా రాలేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్నది గురువు, ఆయన భార్య, నర్సు, పొడుగాయన, మా అమ్మాయి, నేను; బయటికొచ్చింది నేనొక్కదాన్నే.