సారు పెట్టెకు వంతు వచ్చిన రోజు

మొన్న పొద్దున తార్నాక నుంచి మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన సారు కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, బాపు పోయిండు" అన్నాడు.  

అరవైల చివర మా క్యాంపస్ మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్. మేం ప్రోగ్రాంను అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టి, కట్టగా కట్టి బల్ల మీద పెడితే, ఏది ముందు, ఏది వెనక అన్నది చూసి సారే మిషన్‌లోకి పంపేవారు. "నేను చేసే ఈ పంచాయతీ అంతా ఒక ప్రోగ్రామే చూసుకుంటే, గదే ఆపరేటింగ్ సిస్టం. బ్రహ్మవిద్య ఏం కాదు." మాకు ఆయన చెప్పిన మొదటి పాఠం అదే.

చిన్న పని ముందు, పెద్ద పని వెనక. అది ఆయన రూల్. "గట్లయితే ఎక్కువమంది జల్ది ఇంటికి పోతరు" అనేవారు. అన్నింటికంటే పెద్ద పని ఆయనదే. పీహెచ్‌డీ లెక్క, అట్టపెట్టె నిండా కార్డులు. తార్నాక నుంచి రోజూ మోసుకొచ్చేవారు. వాన పడితే గొడుగు పెట్టెకు, తడవడం తనకు. మా కట్టలు అయ్యేసరికి గది మూసే వేళ. పెట్టె మళ్లీ చంకలో ఇంటికి. థీసిస్ గడువు దగ్గరపడింది. దాటితే ఏళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. "మరి మీది ఎప్పుడు సార్?" అంటే "దాని నసీబుల రాసుంటే అయితది" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అంత మంచితనం ఎవరిక్కావాలి!

ఒకరోజు మేమంతా మాట్లాడుకుని కార్డులు సంచుల్లోనే ఉంచుకున్నాం. సారు వచ్చి ఖాళీ బల్ల చూశారు.

"ఏంది, ఇయ్యాల ఎవ్వలకు పని లేదా?"

"మీ పెట్టె పెట్టుండ్రి సార్" అన్నాను.

"వద్దు. రూల్ అంటే రూల్."

మౌలాలి నుంచి వచ్చే అమ్మాయి, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనిది, లేచి నిలబడింది. "రూల్ ఏం తప్పలే సార్. లైన్ల ఉన్నది మీరొక్కరే."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టె మూత తెరిచారు.

మర్నాడు బోర్డు ముందు నిలబడి, "నా రూల్ల ఒక లొసుగున్నది. ఎదురుచూసే పనిని పొద్దు గడిచినకొద్ది ముందుకు జరపాలె. లేకుంటే దాని వంతే రాదు. గిది మీరు నాకు నేర్పిన్రు" అన్నారు. శిష్యుల దగ్గర నేర్చుకున్నానని అంత మామూలుగా చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ ఏడే ఆయనకు పట్టా వచ్చింది.

నిన్న తార్నాకలో ఆయన్ను చివరిసారి చూసి వచ్చాను. కానీ మనసులో నిలిచింది ఆ రోజు సారే. మిషన్‌లోకి కార్డులు టకటకా పోతున్నాయి. ఆయన ఖాళీ పెట్టెను రెండు చేతులా గుండెకు పట్టుకుని, తనకంటే ముందు ఇంకా ఎవరైనా ఉన్నారేమో అన్నట్టు తలుపు వైపు చూస్తున్నారు.