కల్లు క్యాన్లు మోసిన పెళ్ళిగుర్రం

దుబాయిలో నేను మూడేళ్ళు ఫోర్క్‌లిఫ్ట్ నడిపాను. ఈ సంగతి నాకూ, ఆ గోదాములోని అట్టపెట్టెలకూ తెలుసు. మా బావకు తెలియదు. బావ లెక్కలో దుబాయి అంటే అరబ్బులు, అరబ్బులంటే గుర్రాలు. కాబట్టి మూడేళ్ళు అక్కడున్నవాడికి గుర్రాల సంగతి తెలియకుండా ఉండదు. నేనా లెక్క సరిచేయలేదు. తిరిగొచ్చిన కొత్తలో, లేని గొప్పను ఎవరైనా ఉత్తపుణ్యానికి చేతిలో పెడుతుంటే వద్దనడానికి నోరు రాదు.

బావ అంటే అక్క భర్త. కోరుట్లలో పెళ్ళిళ్ళకు గుర్రాలు కిరాయికి ఇస్తాడు. రెండు గుర్రాలు, ఒక రథం ఉన్నాయి. మూడోదిగా మహారాష్ట్ర సంతలో ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. ఫోటోలో పాలనురగలా ఉండేది. దగ్గరికెళితే ఉతికి ఉతికి పాతబడ్డ బనియన్ రంగు.

దసరా తర్వాత గొల్లపల్లిలో ఒక పెళ్ళికి తీసుకెళ్ళాడు. జీను వేసి పెళ్ళికొడుకును ఎక్కించగానే గుర్రం తల కిందికి దించింది, వీపు పైకి వంచింది, వెనక కాళ్ళు రెండూ గాల్లోకి లేపింది. పెళ్ళికొడుకు వెళ్ళి బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ము మీద పడ్డాడు. చూసినవాళ్ళంతా ఘోరం జరిగిపోయిందన్నారు. డ్రమ్ము కొట్టేవాడు మాత్రం దెబ్బ సరిగ్గా తాళానికే పడిందన్నాడట. పెళ్ళి జరిగింది. వీడియోలో ఆ ముక్క తీసేసి గులాబీలు రాలుతున్నట్టు పెట్టారు.

వారం తిరక్కుండానే ఆ గుర్రం ట్రాలీ ఆటోలో పెగడపల్లి పక్కనున్న మా ఊరికి వచ్చింది. వెనకే బావ.

"బామ్మర్దీ, నువ్వు అరబ్బోళ్ళ దగ్గర చూసినోనివి. మాఘమాసంల సిరిసిల్లల ఒక పెండ్లి ఒప్పుకున్న. గా పెండ్లిల మనిషిని మోసిందా, ఉంటది. మోయలేదా, ఇటుకబట్టీ ఆయన అడుగుతుండు, ఇచ్చేస్త."

ఆ మాట విని గుర్రం కంట నీరు పెట్టుకుందని రాయొచ్చు. కానీ అదప్పుడు మా అవ్వ, అంటే అమ్మ, ఎండబోసిన మక్కలు తింటోంది. బట్టీలో ఎండకు ఇటుకల బండి లాగడమంటే ఏమిటో దానికి తెలియదు. నాకు తెలుసు. నా ఇబ్బంది ఏమిటంటే, రెండో రోజుకే నాకది నచ్చింది. మొహం కడుక్కుంటుంటే వెనకనుంచి వచ్చి నా భుజం మీది తువ్వాల తీసుకుని తన దారిన పోయింది. అటువంటివాళ్ళతో నాకు మొదటినుంచీ పడుతుంది.

మూడో రోజు పొద్దున జీను వేసి ఎక్కాను. ఎక్కానన్న మాట కొంచెం ఎక్కువ. ఈ పక్కనుంచి మొదలుపెట్టి ఆ పక్కన దిగాను, మధ్యలో ఆకాశం కనిపించింది. గడ్డి మీద పడ్డానని చెప్పుకుంటే బాగుండేది. పెంటకుప్ప మీద పడ్డాను.

మా బాపు కల్లు గీస్తాడు. అప్పుడే తాటివనం నుంచి వచ్చి బండి మీది క్యాన్లు దించుతున్నాడు. నన్ను లేపడానికి రాలేదు. దెబ్బ తాకిందా అని మాత్రం అడిగాడు. లేదన్నాను.

"నిన్నుగాదురా అడిగింది" అన్నాడు, గుర్రం వీపు దిక్కు చూస్తూ.

జీను తీసి, మెడ దగ్గర్నుంచి నడుము దాకా అరచేత్తో మెల్లగా రాశాడు. మెడ దాటి వీపు మొదలయ్యే చోట చెయ్యి పడగానే దాని చర్మం వణికింది. మర్నాడు పశువుల దవాఖాన డాక్టరమ్మను తీసుకొచ్చాను. ఆమెది బర్రెలకూ గొర్లకూ అలవాటైన చెయ్యి. గుర్రాన్ని చూడడం ఇది రెండోసారని, మొదటిది కాలేజీలోనని ముందే చెప్పేసింది. అంత నిజాయితీ నాకెందుకు లేకపోయిందా అనిపించింది. లోపల వాపు ఉందని, నెల రోజులు వీపు మీద ఏమీ వేయొద్దని మందులు రాసిచ్చింది.

జీను తిరగేసి చూశాం. పెళ్ళికొడుకు మీద గొడుగు నిలబడడానికని బావ దానికి వెల్డింగ్ షాపులో ఇనుప పట్టీ వేయించాడు. పైన మఖ్మల్, జరీ, అద్దాలు. కింద ఆ పట్టీ తాలూకు నట్టు, అరంగుళం బయటికి. మనిషి కూర్చోగానే అది నేరుగా వీపులో దిగుతుంది. ఇన్నాళ్ళూ గుర్రానికి పొగరనుకున్నాం. అది నట్టు గురించి ఫిర్యాదు చేస్తోంది, మేమే పట్టించుకోలేదు.

ఈ సంగతి బావకు చెప్పే పని ఫోన్ చేసి అక్కకు అప్పజెప్పాను. బావ ఇంటికొచ్చేదాకా ఆమె పనులన్నీ పక్కన పెట్టి కూర్చుంది.

ఆ నెల నా జీవితంలో నాకు బాగా గుర్తున్న నెల. అందులో ఏమీ జరగలేదు. పొద్దున్నే గుర్రాన్ని తోమడం, గిట్టల్లో మట్టి తీయడం, తాడు పట్టుకుని కాలువ గట్టు మీద నడిపించడం. మంచు పడేది. దాని ముక్కులోంచీ నా నోట్లోంచీ ఒకేలా పొగ వచ్చేది. హోటల్ దగ్గర చాయ తాగే పెద్దమనుషులకు మాత్రం మేము మంచి కాలక్షేపం.

"ఏందిరా, గుర్రం ఉండంగ నడుసుకుంట పోతున్నవ్?" అని ఒకాయన రోజూ అడిగేవాడు.

"ఇంక రిజిస్ట్రేషన్ కాలే కాకా" అనేవాణ్ణి, రోజూ.

ఫోన్‌లో గుర్రాలకు నేర్పే వీడియోలు కూడా చూశాను. పెద్ద టోపీ పెట్టుకున్న ఒకాయన పది నిమిషాల్లో మొండి గుర్రాన్ని దారికి తెచ్చాడు. నేనూ పది నిమిషాలు ఆయన చేసినట్టే చేశాను. మాది గడ్డి తింటూనే ఉంది.

వాపు తగ్గాక ఒక సాయంత్రం బాపు అడిగాడు, దుబాయిలో వీటికి మొదలు ఎట్లా పెడతారని. ఇక దాచి లాభం లేదనిపించింది. నేను నడిపింది ఫోర్క్‌లిఫ్ట్ అనీ, గుర్రాన్ని అక్కడ ఒక హోటల్ గోడ మీది బొమ్మలోనే చూశాననీ చెప్పాను. అదేం బండి అని అడిగాడు. బరువులు పైకెత్తి దించే బండి అన్నాను.

గుర్రం దిక్కు చూశాడు. "ఇదీ గదే జేస్తది గదా" అన్నాడు. "ఎత్తుతది, దించుతది."

తర్వాత మోకు సంగతి చెప్పాడు. మోకు అంటే తాటిచెట్టుకూ తన నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ ఎక్కే చెట్టయినా సరే, కాలు నేల విడిచే ముందు బాపు ఒకసారి వెనక్కి వాలి, నిలబడి, మళ్ళీ వాలి చూస్తాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, ఎందుకో ఎన్నడూ అడగలేదు.

"మోకు తెగుతదని గాదు. ఇయ్యాల ఎక్కుతున్నమని నడుముకు చెప్పుడు. చెప్పకుంట బరువేస్తే ఎవలకైన గుబులయితది. దీనికి ఎవ్వలు చెప్పలే."

అట్లా చెప్పడం మొదలుపెట్టాం. జీను మోటార్ సైకిల్ మీద కట్టుకుని జగిత్యాలలో సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఏ బండిదని అడిగాడు. నాలుగు కాళ్ళదన్నాను. నవ్వలేదు, మెత్త మాత్రం మంచిగా పెట్టాడు. ఇనుప పట్టీ కోయించేశాను. జీను కింద అంతకుముందు వేసే పాలిస్టర్ గుడ్డకు చెమట పీల్చే అలవాటు లేదు. దాని బదులు బాపు తన పాత గొంగడి ఇచ్చాడు.

మొదటి రోజు ఉత్త గొంగడే. వేయడం, తీయడం, వేయడం. మూడో రోజు దాని మీద జీను, పట్టీ కట్టకుండా. ఆ తర్వాత కడుపు కింది పట్టీ, ఒక బొక్క బిగించి, వదిలి, అది ఊపిరి విడిచాక మళ్ళీ అదే బొక్క. రెండో బొక్కకు వెళ్ళడానికి నాలుగు రోజులు పట్టింది. బావ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే, రెండో బొక్క దాకా అని చెప్పాను. ఫోన్ పెట్టేశాడు.

బరువు అలవాటు చేయడానికి బాపు తన కల్లు క్యాన్లు ఇచ్చాడు. వాటిలో నీళ్ళు పోసి జీనుకు అటొకటి ఇటొకటి కట్టి పెరటి చుట్టూ నడిపించాలి. మూతలు పెట్టబోతే వద్దన్నాడు. మూత పెడితే క్యాన్ అబద్ధం చెబుతుందట. మూత లేకపోతే గుర్రం ఎంత ఎగిరిందో నీళ్ళే చెబుతాయి. మిగిలిన నీళ్ళు అవ్వ వంకాయ చెట్లకు పోసేది. మొదటి రోజు చెట్లకు చుక్క మిగల్లేదు, నేను మాత్రం పూర్తిగా తడిశాను. రెండో రోజు రెండు చెట్లకు సరిపోయాయి. పదిహేను రోజులు తిరిగేసరికి ఒక వరస తడిసింది. నేను ఎంత బాగా నడిచిందో వివరించబోతే అవ్వ నన్ను దాటి చెట్ల దిక్కు చూసేది. ఆమెకు నా మాటల కంటే వంకాయల మీద నమ్మకం. గుర్రాన్ని మాత్రం బిడ్డా అని పిలిచేది. నన్ను అట్లా ముద్దుగా పిలిచినట్టు గుర్తు లేదు.

చివరికి మనిషి బరువు వంతు వచ్చింది. మొదట దాని వీపుకు అడ్డంగా, మూటలా పడుకున్నాను. ఊరుకుంది. నాలుగు రోజులకు కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చున్నాను. ఊరుకుంది. నాకు కొంచెం గొప్ప అనిపించింది. సరిగ్గా అప్పుడే పక్కింటి కోడి అడ్డం వచ్చింది. వీపు కొంచెం ఉబ్బగానే నేను ముందుకు పడి మెడ పట్టుకున్నాను. అంతే, మళ్ళీ పెంటకుప్ప. ఈసారి దారి తెలిసినట్టే పడ్డాను.

"చెట్టు మీద భయమైతే కొత్తోడు ఏం జేస్తడు? చెట్టును కరుసుకుంటడు" అన్నాడు బాపు. "కరుసుకున్నోడే జారుతడు. ఎనక్కి వాలు. బరువు నడుం మీద ఎయ్యి. నువ్వు బుగులువడ్డవా, అది నీకంటె ముందు బుగులువడ్తది."

వాలడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. గుర్రం నాకంటే త్వరగా నేర్చుకుంది. అవ్వ స్టీలు పళ్ళెం కొట్టింది, పక్క పొలంలో పటాకులు కాల్చాం, పెగడపల్లి నుంచి డప్పులవాళ్ళను పిలిపించి దూరం నుంచి దగ్గరికి కొట్టించాం. అన్నింటికీ చెవులు తిప్పింది, కాళ్ళు మాత్రం లేపలేదు.

మాఘమాసంలో సిరిసిల్ల పెళ్ళి వచ్చింది. పొద్దున పది గంటలకు పెళ్ళికొడుకును ఫంక్షన్ హాల్ దాకా ఊరేగించాలి. నేను తాడు పట్టుకున్నాను, బాపు అవతలి పక్క నడుస్తున్నాడు. బావ ట్రాలీ ఆటోను హాలు దగ్గర నిలబెట్టి వచ్చాడు. అది కోరుట్లకు పోతుందో బట్టీకి పోతుందో ఇంకో అరగంటలో తేలుతుంది.

డప్పులు మొదలయ్యాయి. బాగుంది. పటాకుల లడి పేలింది. బాగుంది. తర్వాత ఊరేగింపు ఒక గల్లీలోకి తిరిగింది. రెండు వైపులా రేకుల షెడ్లు, షెడ్ల నిండా మరమగ్గాలు, అన్నీ నడుస్తున్నాయి. మేము డప్పుకు నేర్పాం, పటాకులకు నేర్పాం, పళ్ళేనికి కూడా నేర్పాం. సిరిసిల్లలో పెళ్ళి ఒప్పుకుని మగ్గాల చప్పుడు మరిచిపోయాం. నేనూ బాపూ అవ్వా, ముగ్గురం ఆలోచించి చేసిన పని ఇది.

గుర్రం ఆగిపోయింది. చెవులు వెనక్కి వాలాయి. గొంగడి కింద వీపు మెల్లగా పైకి లేవడం నాకు కనిపించింది. ఆ లేవడం నాకు బాగా తెలుసు, దాని తర్వాత ఆకాశం వస్తుంది. బావ మొహం గోడకు వేసిన సున్నంలా అయింది. వెనక్కి వాలమని చెప్పాలని పెళ్ళికొడుకు దిక్కు చూశాను. అతను ఆ గల్లీవాడే, చిన్నప్పటినుంచీ మగ్గం నడిపినవాడు. బాసింగం సర్దుకుంటూ, సొంత ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు నడుము వదిలేసి కూర్చున్నాడు.

"ఏమైందన్నా, ఆగిండ్రు?" అన్నాడు.

"చప్పుడుకు బెదిరింది" అన్నాను.

అతను చుట్టూ చూశాడు. "ఏం చప్పుడు?"

గుర్రం పైనున్న మనిషి భయం కోసం కాసేపు వెతికింది. దొరకలేదు. ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. వీపు దిగింది, చెవులు లేచాయి, నడిచింది. గల్లీ చివరిదాకా మగ్గాల మధ్య నుంచి అట్లాగే నడిచింది. అదంతా నా శిక్షణే అని తర్వాత చాలామందికి చెప్పాను. సగం బాపుది, పావు ఆ పెళ్ళికొడుకుది. మిగతాది గుర్రానిది.

పెళ్ళికొడుకు దిగాక బావ గుర్రం దగ్గరికి వచ్చాడు. గొంగడి అంచు ఎత్తి, వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా రాశాడు. చర్మం వణకలేదు. ఫోన్ తీసి బట్టీ ఆయనకు చేసి, వేరేది చూసుకొమ్మని చెప్పాడు. చాలా పని ఉన్నవాడిలా మాట్లాడాడు గానీ, మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి గుర్రం మీదనే ఉంది.

"మామా, వచ్చే వారం కోరుట్లల ఇంకో పెండ్లున్నది" అన్నాడు బాపుతో. "డీజే పెడ్తరట. వద్దనాల్నా?"

"వద్దనకు అల్లుడా. ముందుగాల రెండు రోజులు దూరంకెల్లి వినిపిద్దాం" అన్నాడు బాపు.

వాళ్ళు ఆ సంగతి మాట్లాడుకుంటుండగానే గుర్రం, హాలు ద్వారానికి కట్టిన బంతిపూల దండల్లో తన నోటికి అందిన వరస మొత్తం తినేసింది. పెళ్ళివాళ్ళు చూడకముందే ముగ్గురం కలిసి దాన్ని ఆటో ఎక్కించాం.