ఇనుప తలుపుకు బొట్టు

ఒక తలుపుకు కుంకుమ బొట్టు పెడితే ఎవరి చదువు ఆగిపోతుందో మీరెప్పుడైనా ఆలోచించారా?

పాలమూరు బజారులో రాతి మెట్ల బ్యాంకు ఒకటి ఉండేది. పల్లెల నుంచి వచ్చే గొర్రెల కాపరులు చెప్పులు మెట్ల కిందే విడిచేవారు. ఎవరూ విడవమనలేదు, భయమే విడిపించింది. లోపల ఖజానా గదికి బరువైన ఇనుప తలుపు. దీపావళికి బ్యాంకు వాళ్ళే దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టేవారు.

యాభైల చివర బ్యాంకు కొత్త భవనానికి వెళ్ళిపోయింది. ఆ తలుపును ఊడదీయడం ఎవరి వల్లా కాలేదు. కొన్నాళ్ళు పల్లీల గోదాము, ఆ తరువాత పఠనాలయం. మధ్యాహ్నాలు ఖజానా గదిలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేవారు. అప్పటికే మా బాపు పోయి, అమ్మ బొట్టు తీసేసింది. అమ్మ పలక కొనుక్కుని వెళ్ళింది. ఆమెకు కావలసింది ఒక్కటే: కోస్గిలో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళే బస్సు బోర్డు తానే చదువుకోవాలి. ఒకసారి ఎవరో చూపిన బస్సెక్కి ఆత్మకూరులో దిగి, దిక్కుతోచక ఏడ్చిన మనిషి ఆమె.

క గుణింతం సగంలో ఉండగా ఒక శుక్రవారం తలుపు మీద బొట్టు కనిపించింది. తరువాత దీపం. కొద్దిరోజులకే లోపల లక్ష్మీదేవి పటం, గుమ్మంలో హుండీ. పత్రికలు వరండాలోకి వచ్చాయి. పలకలకు చోటే లేదు.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని గడప దగ్గరకు వెళ్తే, పెద్దరికం చేస్తున్న బట్టల వ్యాపారి చేయి అడ్డం పెట్టాడు.

"అక్కా, శుక్రారం పూట నువ్వు ముంగట నిలవడితె ఎట్ల? ముత్తైదులు వస్తరు."

"మొన్నటిదాంక గీడనే కూసుంటి గద, అన్నా?"

"మొన్న అమ్మోరు లేకుండె."

నాకు ఒళ్ళు మండింది. "గీ అర్రల పల్లీలు కూడ ఉండె గద, కాకా. గా బస్తాలకు మొక్కినవా?" అన్నాను.

"సదువుకున్నోని నోరు గిట్లనే ఉంటది. నీకు లక్ష్మి వద్దా, పిలగా?"

మొక్కడానికి వచ్చినవాళ్ళు పకపకా నవ్వారు. వాళ్ళ చెప్పులన్నీ పాత అలవాటు ప్రకారం మెట్ల కిందే ఉన్నాయి.

అమ్మ పలకను కొంగుతో తుడిచేసింది. ఇంట్లో నేర్పుతానంటే, "నలుగుర్ల కూసుండి నేర్సుకుందామనుకున్న, బిడ్డా" అని లేచి వెళ్ళింది. ఆ పలక ఉప్పు కుండకు మూత అయింది. పోయేదాకా ఆమె బస్టాండులో "గిది కోస్గికి పోతాందా?" అని అడుగుతూనే ఉంది.

మీ ఊళ్ళోనూ అలాంటి గది ఉంటుంది. తాళం ఎవరి దగ్గరుందో ఈ వారమే వెళ్ళి అడగండి. ఇవ్వకపోతే, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆ మెట్ల మీదే పలకలు పట్టి కూర్చోండి.