బావగారి రాతి ఒళ్ళు

ఆయన్ని అందరూ కాదుగారు అంటారు. ఎదురుగానే అంటారు, ఆయన పలుకుతారు కూడా. లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. ఇంకో ఇద్దరు ఎక్కితే ఏమవుతుందండీ అని బిల్డింగుల యజమానులు బతిమాలుతారు, కాఫీ ఇప్పిస్తారు, చివరికి కసురుకుంటారు. ఆయన తీగల అరుగుదల చూసి, బ్రేకు పట్టు చూసి, కాదంటారు. రోజంతా అందరి చేతా తిట్లు తిని, గ్రీజు చేతులతో ఇల్లు చేరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అది చాలదన్నట్టు ఆదివారం మధ్యాహ్నాలూ ఆయనకి ఇదే పని. వాళ్ళింట్లో భోజనాల బల్ల మీద పాచికలు వేస్తూ ఒక కథ ఆడతారు. కాదుగారు కథ నడుపుతారు. మిగతావాళ్ళు అందులో వీరులో, వైద్యులో, దొంగలో అవుతారు. ఎవరి శక్తి వాళ్ళే ఊహించుకుని తెస్తారు, ఊహకి కాసు ఖర్చు లేదు కనుక అందరూ ఆకాశానికి నిచ్చెనలు వేస్తారు. అది మరీ ఎక్కువో కాదో తేల్చాల్సింది ఈయన. మందులషాపాయన తాను ఏం కలిపినా సంజీవనే కావాలన్నాడు. ముందు నువ్వు తాగి చూపించు అని మెలిక పెట్టారు కాదుగారు. టైలరమ్మ మాయం చేసే ముసుగు తెచ్చుకుంది. ఊపిరి బిగపట్టినంతసేపే పనిచేస్తుందన్నారు. ఇద్దరూ సణిగారు. తర్వాత ఆ మెలికల కోసమే ఆదివారాలు ఎదురుచూశారు.

శక్తి ఎంత పెద్దదన్నది ఆయన పట్టించుకునేవారు కాదు. పక్కవాళ్ళ చేతులు చూసేవారు. ఒకరి వంతు నడుస్తుంటే మిగతావాళ్ళు పాచికలు గుప్పిట్లో ఆడిస్తున్నారంటే పరవాలేదు. పాచికలు బల్ల మీద వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారంటే, ఆ శక్తి ఎక్కువైనట్టే లెక్క.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి మొహమాటపడి సరే అన్నారు. అది బావగారితో.

బావగారంటే ఆయన భార్యకి సొంత అన్నయ్య. లారీ నడిపిన మనిషి. గొంతెత్తితే వీధి చివరికి వినపడేది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పట్టు తప్పాయి. మాట మిగిలింది గానీ, అందులో ఆ జోరు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి ఆదివారం బల్ల దగ్గర కూర్చుని, "బావా, నాది రాతి ఒళ్ళు. ఏ దెబ్బా నాకు తగలదు, కొట్టినోడికే తిరిగి తగుల్తుంది. నీ మెలికలేం పెట్టకు" అన్నారు. పక్కవాళ్ళ చేతులు చూడాల్సిన కాదుగారు, కుర్చీ పక్కన వేలాడుతున్న ఆ ఒక్క చెయ్యి చూశారు. "సరే బావా" అన్నారు.

ఆ సరేతో ఆట పని అయిపోయింది. రాక్షసుడొస్తే బావగారు ఎదురు నిలబడతారు, రాక్షసుడు కొట్టి తనే కూలిపోతాడు. దొంగలొచ్చినా అంతే, పులి వచ్చినా అంతే. మందులషాపాయన ఫోనులో తల దూర్చాడు. టైలరమ్మ కుట్టు తెచ్చుకుని చొక్కాలకి బొత్తాలు కుట్టసాగింది. విచిత్రమేమంటే, ప్రతిసారీ గెలిచే బావగారి ముఖంలోనూ కళ లేదు.

ఒక ఆదివారం మెట్ల దగ్గర టైలరమ్మ చెప్పేసింది. "వచ్చే వారం వస్తానండీ, అదే ఆఖరు. ఆయన మీద జాలి లేక కాదు. నాకక్కడ పనేం లేదు." మందులషాపాయనా నీళ్ళు నమిలాడు. వాళ్ళిద్దరూ మానేస్తే బల్ల ఖాళీ. బావగారు ఇల్లు కదిలేదే ఈ ఆట కోసం.

"మీ అన్నయ్య శక్తి తగ్గించాలి" అన్నారు కాదుగారు ఆ సాయంత్రం భార్యతో.

"కాలూ చెయ్యీ పడిపోయి కూర్చున్నాడండీ! ఉత్తుత్తి బలం కూడా లాక్కుంటారా? అన్నయ్య గనక చిన్నబుచ్చుకుని రావడం మానేశాడంటే, ఇక మీతో నాకు మాటల్లేవు."

కాదంటే మనిషి పోతాడు, సరేనంటే ఆట పోతుంది. లోకంలో ఈ పనికి నేనొక్కణ్ణే దొరికానా అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి ఆదివారం కథలో వంతెన మీద గదతో ఒక రాక్షసుడు నిలబడ్డాడు. బావగారు ముందుకొచ్చారు. టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. కాదుగారు ఆ సూది వంక చూసి, పాచికలు కింద పెట్టేశారు.

"బావా, నీ శక్తి ఎక్కువైంది. ఇలా కుదరదు."

భార్య గుడ్లురిమి చూసింది.

"ఇన్నాళ్ళు పట్టిందా బావా ఈ మాట అనడానికి?" అన్నారు బావగారు. "ఇంట్లో గ్లాసు పగలగొడితే పరవాలేదంటారు. క్యారమ్స్ ఆడితే కావాలని ఓడిపోతారు. నువ్వన్నా కాదంటావని, కావాలనే అంత పెద్దది అడిగా. నువ్వు కూడా సరే అన్నావు. ఇక నేను మనుషుల లెక్కలో లేనని ఆ రోజే అర్థమైపోయింది నాకు."

కాదుగారు తప్పైపోయింది బావా అనబోయారు. అంటే అది ఇంకో జాలి అవుతుందని మింగేశారు. "అయితే మెలిక విను. రాయిగా ఉన్నంతసేపు నోరు మెదపకూడదు. ఒక్క మాటన్నావో, మామూలు మనిషివే."

"నోరు మూసుకోవాలా? నేనా? అన్యాయం బావా!"

"ఇష్టముంటే ఆడు."

వంతెన మీది రాక్షసుడు, కాదుగారి నోటితోనే, బావగారి లారీని డొక్కు బండి అన్నాడు. బావగారు పెదాలు బిగించారు. నడిపినోడికి గేర్లు మార్చడం కూడా రాదటగా అన్నాడు రాక్షసుడు.

"ఎవడ్రా నీకు చెప్పింది?" అని బావగారు అరిచేశారు.

కాదుగారు పాచికలు వేశారు. "గట్టిగా తగిలింది బావా. పడిపోయావు."

"పడిపోయానా?" బావగారు ఎడమ చేత్తో బల్ల చరిచారు. "చెల్లీ, చూశావా, మీ ఆయన నన్ను పడగొట్టేశాడు!" ఆ ముఖంలో వెలుగు చూసి చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. టైలరమ్మ చొక్కా పక్కన పడేసి ఊపిరి బిగపట్టింది. మందులషాపాయన తన సంజీవని ముందుగా తానే గుక్కెడు తాగాడు.

మర్నాడు కాదుగారు ఒక లిఫ్టు గుంతలో నడుం పట్టేసి కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"బావా, దగ్గితే మాట్లాడినట్టేనా?"

"మాట్లాడినట్టే."

"పోనీ, ఈల వేస్తే?"

"కాదు బావా, కుదరదు."

అటు నుంచి బావగారు గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టారు. పాత గొంతే, గుంత మారుమోగింది. కాదుగారు కళ్ళు మూసుకుని గోడకి జారగిలబడ్డారు. ఫోను మాత్రం చెవికి దూరంగా పెట్టుకోలేదు.