కారు నెట్టు

కరీంనగర్ షోరూంల మా ఆయన బానెట్ లేపించి ఇంజన్ దిక్కు చూస్తుంటే, నేను ముందు సీట్ల కూసొని "వైఫై పాస్‌వర్డ్ ఏంది తమ్మీ?" అని అడుగుతున్న. కారు అమ్మే ఆయన నన్ను చూసి మురిసిపోయిండు. లీటరుకు ఎంత ఇస్తది, గుంతల్ల దిగితే కింద తాకుతదా, సర్వీసింగ్ ఎక్కడ అని అడిగెటోళ్లనే చూసిండు గని, నా అసొంటి గిరాకి ఆయనకు అంతకుముందు తగలలేదేమో.

"మేడం, ఈ కారులనే సిమ్ ఉంటది. కారే హాట్‌స్పాట్. మీ ఇంటిల్లిపాది ఫోన్లు దీనికే కలుపుకోవచ్చు" అన్నడు.

ఇంకేదో కూడ చెప్పిండు. మొదట్ల కొన్ని నెలలు ఉచితం, ఆ తర్వాత ఏదో ప్లాన్ తీసుకోవాలె అని. ఉచితం అన్నకాడికి విన్న. ఆ తర్వాతి మాట నా చెవులకు ఎక్కలే.

నేను గోదావరిఖనిల బొగ్గు కంపెనీ ఆఫీసుల క్లర్కును. మా ఆయన బొగ్గుబాయిల దిగుతడు. లోపలికి ఫోన్ తీస్కపోనియ్యరు కాబట్టి, షిఫ్టు అయి పైకొచ్చి స్నానం చేసినంకనే ఫోన్ ముఖం చూస్తడు. ఇంట్ల మేమిద్దరం, మా అత్తమ్మ. బిడ్డ హైదరాబాదుల హాస్టల్ల ఉండి చదువుకుంటది. నలభై దాటినంక నేను డ్రైవింగ్ నేర్చుకున్న. మా ఆఫీసుల కారు నడిపే ఆడోళ్లు ఇంకా ఉన్నరు గని, ఇంటర్నెట్ ఉన్న కారు నడిపేది నేనొక్కదాన్నే. టిఫిన్ డబ్బాలు ఇప్పే యాళ్లకు ఈ ముక్కను ఏదో తీరుగ మాటల్ల దూర్చేదాన్ని. ఎవరన్న "ఎండలు ముదిరినయ్" అంటే, "అవునక్కా, మొన్న కారుల వైఫైల చూస్తే ఇంకా ముదురుతయని ఉన్నది" అనేదాన్ని. కొన్ని రోజులకు నేను రాంగనే ఎండల సంగతి మాట్లాడుడు బంద్ చేసిండ్రు.

కారు ఇంటికొచ్చిన కొద్ది రోజులకే నేను ఇంట్ల ఒక చట్టం చేసిన. "ఇంక ఫోన్లల్ల నెట్ రీచార్జ్ బంద్. మాట్లాడే ప్యాక్ ఒక్కటి చాలు. నెట్ కావాలంటే కారున్నది."

మా ఆయన అన్నం కలుపుకుంట తల ఊపిండు. ఆయన తల ఊపితే ఒప్పుకున్నట్టే అని ఇన్నేండ్ల కాపురంల నేను అనుకుంట వచ్చిన.

అత్తమ్మనే అడిగింది. "అయితే నేను మా తమ్మునితోని వీడియోల మాట్లాడాలంటే కారెక్కాల్నా?"

"ఎక్కుండ్రి అత్తమ్మా. ఏసీ కూడ ఉంటది."

"ఎక్కి ఏడికి పోతం?"

"ఏడికీ పోం. ఊకె కూసుంటం."

గట్లనే కూసున్నం. క్వార్టర్ ముందర రేకుల షెడ్డు కింద కారు పెట్టేదాన్ని. కారు వైఫై వరండల మొదటి పిల్లర్ దాంక మంచిగ వచ్చేది, గడప దాటితే సచ్చిపోయేది. అందుకని పొద్దు వాలంగ ముగ్గురం కారెక్కేటోళ్లం. అత్తమ్మ వెనుక సీట్ల కాళ్లు సాపుకొని, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట సీరియల్ చూసేది. మా ఆయన పక్క సీటును వెనక్కి వంచుకొని ఏవో ఆటలు చూసేటోడు. నేను స్టీరింగ్ ముందర కూసొని, కాళ్లకాడ బ్రేకు ఉన్నదని మరిచిపోయి, బిడ్డకు మెసేజులు పెట్టేదాన్ని.

"అమ్మా, నేను పొద్దున పెట్టిన మెసేజ్ నువ్వు సాయంత్రం చూస్తవు. నేను జ్వరమని పెడితే, తగ్గినంక నువ్వు గోలి వేసుకొమ్మంటవు" అని బిడ్డ ఫోన్ చేసి నవ్వింది.

ఒకనాడు పక్క క్వార్టర్ చెల్లె పాల ప్యాకెట్ పట్టుకొని పోతా ఆగింది. "ప్రయాణమా అక్కా? ఏడికి?"

"ప్రయాణం కాదు చెల్లే. వాట్సాప్ చూస్తున్నం."

ఆమె మా ముగ్గుర్ని ఒకల ఎనుక ఒకలను చూసింది. ఇంకేం అడగకుండ, దవాఖానల పేషంటును చూసి పోయినట్టు మెల్లగ పోయింది.

ఇంజన్ ఆన్‌ల ఉంచితే పెట్రోల్ దండుగ అని, ఒక ఆదివారం ఉపాయం చేసిన. ఇంజన్ బంద్ పెట్టి, తాళంచెవి మాత్రం తిప్పి పెట్టి, పొద్దంత బిర్యానీ వీడియోలు చూసిన. బిర్యానీ చెయ్యలే గని తెల్లారి ఆఫీసుకు పోదామంటే కారు కిక్కుమనలే. బ్యాటరీ కూసున్నది. అప్పుడే నైట్ షిఫ్టు దిగిన నలుగురైదుగురు ఇంటికి పోతున్నరు. మా ఆయన పిలిస్తే పాపం అందరు వచ్చి వెనుక చేతులు పెట్టిండ్రు. నేను స్టీరింగ్ పట్టుకొని రాణి తీరుగ కూసున్న. కారు వీధి చివరి దాంక పోయినంక గుర్రుమన్నది. వాళ్లల్ల ఒక కాక రొప్పుకుంట కిటికీకాడికి వచ్చి, "బిడ్డా, నీ కారుల నెట్టు ఉన్నది నెట్టు ఉన్నది అంటే నాకు సమజ్ కాలే. ఇప్పుడైంది. మేమేనా నెట్టు?" అన్నడు. ఆ ముచ్చట నాకంటే ముందే ఆఫీసుకు చేరింది.

ఇంత అయినంక అయినా బుద్ధి రావాలె గద. రాలే.

అత్తమ్మ తమ్ముడు గోలేటిల ఉంటడు. ఆయన బిడ్డకు సంబంధం కుదిరింది. పిల్లగాని తండ్రి చిన్నప్పుడే పోయిండు. పెద్దన్న గల్ఫ్‌ల బిల్డింగుల పనికి పోయి తమ్ముణ్ని చదివించిండు. నిశ్చితార్థానికి ఆ పెద్దన్నకు సెలవు దొరకలే. "వీడియోలనన్న చూస్తనన్నడు. మా వరుస క్వార్టర్లల్ల సిగ్నల్ సరిగ్గ అందదు, మనిషి ముఖం ఆగి ఆగి వస్తది. ఎట్ల చెయ్యాలె?" అని మామ ఫోన్ల ఫికర్ అయితున్నడు.

అత్తమ్మ చేతులకెళ్లి నేనే ఫోన్ గుంజుకున్న. "మామా, ఏం రంది పెట్టుకోకు. మా కారుకే సొంత నెట్ ఉన్నది. ఆయన అక్కడ కూసొని సినిమా చూసినట్టు చూస్తడు. నాది పూచీ."

ఆ దినం పట్టుచీర కట్టుకొని నేనే కారు నడిపిన. గోదావరి బ్రిడ్జి దాటినం, మందమర్రి దాటినం. బెల్లంపల్లి దాటినంక వెనుక సీట్లకెళ్లి అత్తమ్మ, "పాట ఆగిపోయిందే" అన్నది. నా ముందర తెర మీద దారి చూపే మ్యాప్ కూడ ఆగింది. "అడవి గదా అత్తమ్మా, సిగ్నల్ ఉండదు. ఊర్లకు పోతే అదే వస్తది" అన్న. మా ఆయన నా దిక్కు ఒక్కసారి చూసి, మళ్ల రోడ్డు దిక్కు చూసిండు.

మామ ఇంటి ముందర షామియానా ఏసిండ్రు. కారు స్టేజీ పక్కకే ఉండాలె, లేకుంటే వైఫై అందదు అని నేను పట్టుపట్టిన. స్టేజీ పక్కన బువ్వ టేబుళ్లు ఉన్నయి. నా కారు కోసం పప్పు, బగార, కోడికూర గిన్నెలన్నీ ఇంకో దిక్కుకు జరిపిండ్రు. వంటాయన గంటె చేతుల పట్టుకొని నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది.

కారు ఆపి నా ఫోన్ కలిపిన. కలిసింది. కింద చిన్న అక్షరాలల్ల 'ఇంటర్నెట్ లేదు' అని వచ్చింది. కారు తెర మీద ఇంగ్లీషుల ఏదో ఉంటే అప్పుడు చదివిన. ఉచిత గడువు అయిపోయింది, కొనసాగాలంటే మీ ఫోన్ల యాప్ తెరిచి ప్లాన్ తీసుకోండి అని దాని తాత్పర్యం. యాప్ తెరిచిన. ఇంటర్నెట్ లేదు, కనెక్ట్ చేసుకొని మళ్ల రండి అన్నది యాప్. నెట్ తెచ్చుకోవాలంటే నెట్ ఉండాలె. చట్టం చేసినదాన్ని నేనే కాబట్టి నా ఫోన్ల చుక్క నెట్ లేదు.

ఎవలనన్న నెట్ అడిగితే అయిపోతుండె. అంత మందిల నోరు రాలే. కారు బంద్ చేసి, మళ్ల ఆన్ చేసిన. ఫోన్ బంద్ చేసి, మళ్ల ఆన్ చేసిన. పిల్లగాడు పీటల మీదికెళ్లి, "అక్కా, అన్న ఎదురుచూస్తున్నడట" అన్నడు. చుట్టాలు కారు చుట్టు మూగిండ్రు. రిటైర్ అయిన ఒక పెద్దాయన, "బానెట్ లేపుండ్రి, ఒకసారి చూద్దాం" అన్నడు. వద్దంటే ఏం చెప్పాల్నో తెల్వక లేపిన. నలుగురు వంగి ఇంజన్ల ఇంటర్నెట్ కోసం ఎతికిండ్రు.

అప్పుడొచ్చింది పిల్లగాని తల్లి. బక్కపలచని మనిషి, కొత్త చీర ఇంకా మడతలు పోలేదు. కారు డోర్ పట్టుకొని, "మా పెద్దోడు కనవడ్డడా బిడ్డా?" అని అడిగింది.

"వస్తున్నడవ్వా" అన్న. అప్పటిదాంక సిగ్గయింది గని, ఆమె ముఖం చూసినంక భయమైంది.

మా ఆయన మందిని తప్పుకొని వచ్చి, కిటికీలకెళ్లి తన ఫోన్ ఇచ్చిండు. "దీంట్ల చెయ్యి. నాది వేరే కంపెనీ సిమ్, ఇక్కడ అందుతది."

"నీ ఫోన్ల నెట్ ఏడిది?"

"ఉన్నది."

"ఎప్పటిసంది?"

"ముందు ఫోన్ చెయ్యి. అక్కడ ఆయన అన్నం టైము అయిపోతది."

పిల్లగాడు చెప్పిన నంబర్‌కు వీడియో ఫోన్ చేసిన. ఒక్క రింగుకే పెద్దన్న ఎత్తిండు. ఏదో గోడ నీడల కూసున్నడు. మెరిసే జాకెట్ లోపల కొత్త అంగీ ఏసుకొని, హెల్మెట్ ఒళ్లె పెట్టుకున్నడు. గడ్డం గీసుకున్నడు. పనిల ఉన్న మనిషి నిశ్చితార్థానికి తయారై కూసున్నడు. "జర కుడి దిక్కు చూపెట్టక్కా. తమ్ముడేడి? అమ్మ ఏ చీర కట్టింది?" అంటున్నడు. నేను ఒక కుర్చీ ఎక్కి, మంది తలకాయల మీదికెళ్లి అంతా చూపెట్టిన. ఉంగరాలు మార్చుకునేటప్పుడు ఆయన హెల్మెట్ మీద వేళ్లతోని ఊకె కొట్టుకుంట చూసిండు.

తర్వాత అవ్వకు ఇచ్చిన. ఆమె రెండు చేతులతోని ఫోన్ పట్టుకొని చెవికి ఆనించుకున్నది. "అమ్మా, చెవి కాదే, ముఖం చూపెట్టు" అంటున్నడు కొడుకు. ఆమె తీస్తలేదు. "బువ్వ తిన్నవా?" అని చెవికాడనే పెట్టుకొని అడుగుతున్నది. నేను జరుపబోతే, "ఉండనియ్యక్కా, గట్లనే ఉండనియ్యి" అన్నడు.

వాపస్ వచ్చేటప్పుడు మా ఆయనకు స్టీరింగ్ ఇచ్చిన. బెల్లంపల్లి దాటినంక నేనే అన్న. "నన్ను మోసం చేసినవు."

"షిఫ్టు దిగినంక బాయి మీద దోస్తులందరు ఫోన్లు చూస్తుంటే నేను గోడను చూసుకుంట కూసుంటనా?" అన్నడు. "చెప్దామనుకున్న. నువ్వు మస్తు సంబురం మీద ఉంటివి."

"నాది గూడ వాడే ఏపిచ్చిండు" అన్నది అత్తమ్మ వెనుకకెళ్లి.

"మరి రోజు కారుల కూసొని చూసిందేంది అత్తమ్మా?"

"ఏసీ ఉంటది గద బిడ్డా. సీటు మోకాళ్లకు మెత్తగుంటది. నువ్వొక్కదానివి కూసుంటే మంచిగుండదని."

అంటే నేను చట్టం చేసిన, నేనొక్కదాన్నే పాటించిన. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక కిటికీ దిక్కు తిరిగిన. తిరిగినంక నవ్వే వచ్చింది.

మందమర్రి బజార్ల కారు ఆపించి, ఒక దుకాణంల నా ఫోన్‌కు నెట్ ఏపిచ్చుకున్న. గడువు అయిపోతదని కారు కంపెనీ పంపిన మెయిళ్లు ఒకదాని ఎనుక ఒకటి దిగినయి. అన్నీ తుడిచేసిన. కారు ప్లాన్ మళ్ల తీసుకోలే.

రెండు రోజులకు గల్ఫ్ నుంచి మా ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ కారు నెట్ కమాల్ ఉన్నదక్కా, నేనొచ్చినంక అసొంటి కారే కొంట అని వాయిస్. ఊకుందామనుకున్న గని మనసొప్పక ఫోన్ చేసిన. అది కారు నెట్ కాదు తమ్మీ అని, బానెట్ లేపిన కాడికెళ్లి మొత్తం చెప్పిన. ఆయన అక్కడ నవ్వుతుంటే పక్కన ఎవలో ఏంది ఏంది అని అడుగుడు ఇనవడ్డది.

తర్వాత ఒక ఫొటో పంపిండు. ఆ దినం వీడియో నడుస్తుంటే తీసుకున్నదట. దాంట్ల అవ్వ చెవి కమ్మ, సగం చెంప, కొన్ని తెల్ల ఎంటికలు తప్ప ఏం లెవ్వు. అదే తన ఫోన్ తెర మీద బొమ్మగ పెట్టుకున్నడట.