వేలితో గీత పడే పెట్టె

నిన్న షాపులో స్వేడ్ తోలు పెట్టె కనబడగానే నా వేలు ఆగలేదు, మూత మీద గీత గీసేసింది. ఆ నూగు ఒకవైపు నిమిరితే లేత రంగు, ఇంకోవైపు నిమిరితే ముదురు రంగు. మీరూ ఎప్పుడైనా అలా గీసి చూశారా?

అద్దంకిలో ఉన్నప్పుడు మా అక్కకి అలాంటిదే ఉండేది. చీరాలలో బ్యాగులు కుట్టే మావయ్య, మిగిలిన ముక్కలతో చేత్తో కుట్టి ఇచ్చాడు. రిబ్బన్లు, స్టిక్కర్ బొట్లు, స్నేహితురాళ్ళ గ్రీటింగ్ కార్డులు అన్నీ అందులోనే. ట్యూషన్‌కి వెళ్ళేముందు మూతంతా ఒకేవైపు నిమిరి, "ఎవరు ముట్టుకున్నా తెలిసిపోద్ది!" అని బెదిరించేది.

తను వీధి మలుపు తిరగ్గానే నేను తెరిచేదాన్ని. అందులో ఎప్పుడూ రెండు చింతపండు చాక్లెట్లు ఉండేవి. ఒకటి తినేసి, మూత మళ్ళీ అటువైపే నిమిరేదాన్ని. మర్నాటికి మళ్ళీ రెండు!

ఒకసారి మిరపకాయల తొడాలు తీసిన చేతులు కడుక్కోకుండానే బొట్లన్నీ తిరగేశాను. సాయంత్రం అక్క ఒక బొట్టు తీసి పెట్టుకుంది. "అమ్మో, మంట!" అంటూ వాకిట్లో ఒకటే గంతులు. ఆ రోజు ఇంట్లో అందరం తొడాలు తీసినవాళ్ళమే, ఇక దొంగ ఎవరో ఎలా తేలుతుంది? నాయనమ్మైతే నవ్వలేక కూలబడింది.

నిన్న షాపులోంచే ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను.

"అక్కా, నీ పెట్టె రోజూ తీసింది నేనే."

"తెలుసులేవే."

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"ఒసేయ్, పులుపు తింటే నాకు పళ్ళు జివ్వుమంటాయి. ఆ చాక్లెట్లు ఎవరికోసం పెట్టాననుకున్నావు?"