గోదావరిఖని గుట్టల ఫోటో

గోదావరిఖని దాటగానే మా బస్సు ఆగింది. ఎర్రజెండా పట్టుకుని ఒకతను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. పక్కనున్న బొగ్గు గనిలో పేలుడు పెడుతున్నారట. ఆ ఊరికి నేను కొత్త. కిటికీలోంచి, ఊరి వెనక వరసగా లేచిన గుట్టల్ని చూసి మురిసిపోయాను. ఫోన్ తీస్తూ, పక్క సీట్లో ఉన్న పెద్దావిడను అడిగాను.

"ఈ కొండల పేరేంటమ్మా? ఎంత బాగున్నాయో!"

ఆమె మొహం కందగడ్డయింది.

"కొండలా? గది బొగ్గుబాయి తవ్వి పోసిన మట్టి. దాని కిందనే మా ఊరు పూడిపోయింది. పేరడుగుతున్నవా?"

అంతలో సైరన్ మోగింది. ఆమె నా జుట్టు దొరకబుచ్చుకుని, తలను తన ఒడిలోకి అదిమేసింది. పెనుగులాడాను. మెడలో గోళ్లు దిగాయి. నేల కింద ఏదో విరిగినంత చప్పుడు. బస్సు ఊగింది, అద్దాలు గలగలలాడాయి.

"మీకేమైనా పిచ్చా?" లేస్తూనే అరిచాను.

"నా చెల్లె గిట్లనే కిటికీల నుంచి చూస్తుండె," అందామె. "అద్దం పలిగి కన్ను పోయింది."

ఆమె నన్ను అటు తిప్పి, చెదిరిన జడ విప్పి మళ్లీ అల్లింది, నొప్పి పుట్టేంత గట్టిగా.

అక్కడి కొండలెలా ఉన్నాయని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్క ఫోటో ఉంది. ఆమె నన్ను వంచినప్పుడు ఫోన్ మీద నా వేలు తగిలి ఆ ఫోటో పడింది. అందులో కొండ లేదు. ఆమె చీర ఉంది.